బంగాళాఖాతం కోర్ల నుంచి నమూనాలు అడగడం ఎలా

సముద్రగర్భాన్ని తవ్వే ఓడను ఒక్క విశ్వవిద్యాలయం భరించలేదు. అందుకే ఐఓడీపీ (పలు దేశాలు కలిసి సముద్రగర్భాన్ని తవ్వించిన కార్యక్రమం) కోర్లు, అంటే సముద్రం అడుగున పేరుకున్న అవక్షేపం (బురద) నుంచి గొట్టంతో తీసిన పొడవాటి స్తంభాలు, ఉమ్మడి ఆస్తి. దాదాపు 4 డిగ్రీల చలిలో మూడు గోదాముల్లో దాచారు: జర్మనీలోని బ్రెమెన్, అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం, జపాన్‌లోని కోచి (కేరళ కొచ్చి కాదు). హిందూ మహాసముద్రం కోర్లు కోచిలో ఉంటాయి. 2014-15లో జాయిడిస్ రిజల్యూషన్ ఓడ 353వ యాత్రలో మహానది తీరానికి ఎదురుగా తవ్విన యు1445, యు1446 కోర్ల కోసం అక్కడికే రాయాలి. యాత్ర ముగిశాక కొంతకాలం అందులో పాల్గొన్నవారికే నమూనాలు ఇస్తారు. ఈ కోర్లకు ఆ గడువు ఎప్పుడో దాటింది.

దరఖాస్తు తెరిచే ముందు యాత్ర నివేదిక, కోర్ ఫొటోలు, అయస్కాంత గ్రాహ్యత (బురద ఎంత తేలిగ్గా అయస్కాంతీకరణ చెందుతుందో చెప్పేది) కొలతలు చూడండి. ఇవన్నీ నెట్‌లో ఉచితం. తర్వాత నమూనా సంఖ్య చదవడం నేర్చుకోండి. 353-యు1446ఎ-5హెచ్-3డబ్ల్యూ, 50-52 సెం.మీ. అంటే 353వ యాత్ర, యు1446 స్థలం, ఎ రంధ్రం, పిస్టన్ కోరర్‌తో (మెత్తని బురదలోకి గొట్టాన్ని ఒక్కసారిగా దించే పరికరం) తీసిన 5వ కోర్, అందులో 3వ ముక్క, పనికి వాడే సగం, ఆ ముక్క పైఅంచు నుంచి 50-52 సెం.మీ. పిస్టన్ కోర్ ఒక్కోటి సుమారు 9.5 మీటర్లు. దాన్ని 1.5 మీటర్ల ముక్కలు చేసి నిలువునా చీలుస్తారు. ఒక సగంలోంచే నమూనాలు ఇస్తారు, రెండోది భద్రం.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది లోతు దగ్గర. కోర్ పైకి వచ్చాక ఒత్తిడి తగ్గి ఉబ్బుతుంది, 9.5 మీటర్లు తవ్వితే 10 మీటర్ల బురద వచ్చినట్టు కనిపిస్తుంది. అయినా వరుస కోర్ల మధ్య కొంత భాగం తప్పిపోతూనే ఉంటుంది. అందుకే ఒకే స్థలంలో రెండు మూడు రంధ్రాలు తవ్వి, వాటి ముక్కలు కలిపి అతుకు వరుస తయారుచేస్తారు. కాలక్రమం కావాలంటే ఆ వరుసనే అడగాలి. పద్ధతి పరీక్షించడానికైతే వరుసలో లేని ముక్కలు చాలు, అవి తేలిగ్గా దొరుకుతాయి కూడా. కోర్ పైభాగంలో రంధ్రం గోడల నుంచి రాలిన పదార్థం, పిస్టన్ కోర్ అడుగున పీల్చుకొచ్చిన బురద ఉంటే ఫొటోలో పట్టుకోవచ్చు. అవి ఎంచుకోవద్దు.

ఇక పరిమాణం. కోర్ వ్యాసం 6.6 సెం.మీ. అనుకుంటే సగం కోర్‌లో 2 సెం.మీ. మందం ముక్క సుమారు 34 ఘన సెం.మీ. మీరు 20 ఘన సెం.మీ. అడిగితే సగానికి పైగా మీకే పోతుంది. పాత వాతావరణాన్ని చదవడానికి వాడే సూక్ష్మజీవుల గవ్వలు పుష్కలంగా ఉన్నచోట 10 ఘన సెం.మీ. చాలు. అవక్షేపం వెయ్యేళ్లకు 10 సెం.మీ. పేరుకునేచోట రెండు లక్షల ఏళ్లంటే 20 మీటర్లు, 10 సెం.మీ.కు ఒకటి చొప్పున 200 నమూనాలు. ముందు 15-20 నమూనాలతో గవ్వలు ఎన్ని ఉన్నాయో చూసుకుని, ఆ ఫలితం జతచేసి మిగతావి అడగండి. 200 నమూనాలు ఎందుకో చెప్పని దరఖాస్తు వెనక్కి వస్తుంది.

మూలకాల నిష్పత్తులు మాత్రమే కావాలా? అయితే బురద అడగనే వద్దు, గోదాములోని ఎక్స్‌ఆర్ఎఫ్ స్కానర్‌పై (ఎక్స్ కిరణాలతో మూలకాలను కొలిచే యంత్రం) సమయం అడగండి. కోర్ ఉపరితలాన్ని సమంగా గీకి, 4 మైక్రాన్ల ఫిల్మ్ కప్పి స్కాన్ చేస్తారు. ఫిల్మ్ కింద గాలి బుడగ గానీ నీటి పొర గానీ నిలిస్తే అల్యూమినియం, సిలికాన్ వంటి తేలిక మూలకాల సంకేతం పడిపోతుంది. పగుళ్ల మీది కొలతలు తీసేయండి.

నమూనా చేతికొచ్చాక ఆలస్యం చేయకండి. నిల్వలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఆక్సీకరణం చెంది ఆమ్లం పుడుతుంది. అది గవ్వలను కరిగిస్తుంది, జిప్సం స్ఫటికాలు మిగులుతాయి. 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి, 50 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టండి. లోహాలు కొలిచేవారు ప్లాస్టిక్ గరిటెతో తీయించాలని దరఖాస్తులోనే రాయాలి. కస్టమ్స్ పత్రంలో 'మట్టి' అని కాక 'సముద్రగర్భ అవక్షేపం, పరిశోధనకు మాత్రమే' అని రాయించండి. మట్టి దిగుమతిపై మన దేశంలో ఆంక్షలున్నాయి. ప్రచురించే వ్యాసంలో ప్రతి నమూనా పూర్తి సంఖ్య ఇవ్వండి, వాడగా మిగిలింది పారేయకుండా గోదామును అడిగి తిరిగి పంపండి.