కాలేజీలో సినిమా చూపించి, మాట్లాడించడం ఎలా?

కాలేజీలో సినిమా వేయడం తేలికే. అయ్యాక విద్యార్థుల్ని కూర్చోబెట్టి దాని మీద మాట్లాడించడమే కష్టం. అందుకే ముందు చర్చకు ఒక గంట పక్కన పెట్టి, మిగిలిన సమయానికి సరిపోయే సినిమా వెతకాలి.

1. వేళ చూసుకోండి

సాయంత్రం ఐదింటికి రెండున్నర గంటల సినిమా మొదలుపెడితే చర్చ మీద ఆశ వదులుకోవాల్సిందే. డే స్కాలర్లు బస్సు కోసం, హాస్టల్ వాళ్లు మెస్ కోసం లేస్తారు. శనివారం భోజనాలయ్యాక ఒంటిగంటన్నరకు మొదలుపెట్టండి. రెండు గంటల్లోపు సినిమా అయితే చర్చతో కలిపి నాలుగున్నరకల్లా ముగుస్తుంది.

2. సినిమా ఎంచుకోండి

మొదటిసారికి, కథగా కూడా చదవగలిగే సినిమా మేలు. బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ'కు హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' ఆధారం. కథ కొద్ది పేజీలే. నాలుగు రోజుల ముందే పంచిపెడితే చదివి వస్తారు. చదవనివాళ్లను రావద్దనకండి.

3. అనుమతి తీసుకోండి

హెచ్‌ఓడీ ద్వారా ప్రిన్సిపాల్‌కు లేఖ పెట్టండి. సినిమా పేరు, నిడివి, సెన్సార్ సర్టిఫికెట్, చర్చ ఎవరు నడుపుతారు అన్నవి అందులో ఉండాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విద్యాసంస్థలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. సంస్థ కార్యక్రమాల్లో భాగంగా వేసే సినిమాకు అక్కడి విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధమున్నవాళ్లు మాత్రమే ప్రేక్షకులైతే అది ఉల్లంఘన కాదు. ఊళ్లోవాళ్లను కూడా పిలవాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. విడుదలై 60 ఏళ్లు దాటిన సినిమాలకు కాపీరైట్ తీరిపోతుంది. 1938 నాటి 'మాలపిల్ల' అలాంటిదే. ఓటీటీ ఖాతా నిబంధనలు మాత్రం వేరు. అవి సాధారణంగా ఇంట్లో చూసుకోవడానికే ఒప్పుకుంటాయి. పైరసీ కాపీ జోలికి అసలు పోవద్దు. సినిమాను గౌరవించడం నేర్పే చోట అది తగదు.

4. ముందురోజే హాలు చూడండి

అసలు వేసే వేళకే వెళ్లి చూడండి. కిటికీలోంచి ఎండ తెర మీద పడితే నల్లగుడ్డ కట్టాలి. చివరి వరుసలో కూర్చుని మాటలు వినండి. పాత తెలుగు సినిమాల్లో సంభాషణలు స్పష్టంగా లేకపోతే, తెలుగు వచ్చినవాళ్లకూ సబ్‌టైటిల్స్ పనికొస్తాయి.

5. చర్చ నడపండి

లైట్లు వేయగానే మైకు అందుకోకండి. ఐదు నిమిషాలు విరామమిచ్చి, కుర్చీలు గుండ్రంగా వేయించండి. మొదటి ప్రశ్నగా "సినిమా ఎలా ఉంది?" వద్దు. "బాగుంది సార్" అన్న జవాబుతో అంతా ఆగిపోతుంది. ఒక దృశ్యం పట్టుకోండి. 'కఫన్' మొదలయ్యేసరికే కోడలు పురిటినొప్పులతో లోపల మూలుగుతుంటుంది. మనకు ఆ మూలుగే వినిపిస్తుంది. సినిమాలో ఆ కోడలు నీలమ్మ పెళ్లై గుడిసెకు వస్తుంది, మామతో వాదిస్తుంది, ఇల్లు నిలబెట్టాలని చూస్తుంది. దర్శకుడు ఆమెకు ఇంత చోటు ఎందుకిచ్చాడు? మామ పనికి పోనంటున్నది సోమరితనమా, తిరుగుబాటా? ఇలా అడిగితే హాలు రెండుగా చీలుతుంది. చీలనివ్వండి.

అధ్యాపకులు చివర మాట్లాడాలి. సార్ అభిప్రాయం ముందే తెలిస్తే విద్యార్థులు దాని చుట్టూనే తిరుగుతారు. మాట ఆగిపోతే భయపడి ఉపన్యాసం అందుకోకండి, వాదనకొచ్చిన దృశ్యాన్ని మళ్లీ వేయండి. రెండోసారి చూసినప్పుడు, అప్పటిదాకా నోరు మెదపని వాళ్లు కూడా "అక్కడ ఆమె ముఖం చూశారా?" అంటూ అందుకుంటారు. అలాంటి మాటలకు నేను పండితుల వ్యాసాల కన్నా ఎక్కువ విలువిస్తాను. కులం, ఆడపిల్లల బతుకు చర్చకొచ్చినప్పుడు గొంతులు పెరుగుతాయి. వాదన సినిమా మీద నడవాలి, ఎదుటి విద్యార్థి ఇంటి మీదికి పోకూడదు. ఆ ఒక్క చోట మాత్రం అధ్యాపకులు వెంటనే అడ్డుపడాలి.

చర్చలో తేలని ప్రశ్నల్ని ఒక విద్యార్థి చేత పేజీలో రాయించి లైబ్రరీ నోటీసు బోర్డులో పెట్టించండి. వచ్చే నెల సినిమా ఏదో విద్యార్థులే చెప్పేలా, పక్కనే ఒక ఖాళీ కాగితం కూడా అంటించండి.