తొట్టి కొనడానికి టేపు పట్టుకెళ్లండి

పాపాయికి తొట్టి కొనేటప్పుడు రంగు, బొమ్మలు చూసి మురిసిపోకుండా ముందు టేపు తీయండి. ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే ఒళ్లు జారిపోయి తల ఇరుక్కుంటుంది. పరుపు గట్టిగా ఉండాలి, అరచేత్తో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. పరుపుకీ అంచుకీ మధ్య రెండు వేళ్లకి మించి సందుంటే ఆ పరుపు చిన్నదన్నమాట.

చుట్టాలిచ్చిన పాత తొట్టి అయితే పట్టుకుని గట్టిగా ఊపండి, వదులైన బోల్టులు కిర్రుమంటాయి. పక్క కమ్మీ కిందకి జారే రకమైతే మొహమాటం లేకుండా వద్దనండి. అమెరికాలో 2011 నుంచి వాటి అమ్మకమే నిషేధం.

తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టాలి, దిండు వద్దు. మా అమ్మ ముచ్చటపడి కుట్టిన ఆవాల దిండు కూడా ఇంకా బీరువాలోనే ఉంది.