ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యేలోపు: రాయగడ, పర్లాకిమిడి లెక్చరర్లకు కొన్ని జాగ్రత్తలు

కొత్త సెమిస్టర్ దగ్గరపడింది. లింకు పంపే ముందు ఇవి చూసుకోండి.

– స్క్రీన్ మీద పేరు కనిపిస్తే విద్యార్థి వింటున్నాడని అనుకోవద్దు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే పొరపాటు ఇదే. 10 నిమిషాలకో చిన్న ప్రశ్న వేసి, జవాబు చాట్‌లో రాయించండి. మొదటి వారంలో ఒక్కసారీ రాయని వాళ్లకు వారం తిరక్కముందే ఫోన్ చేయండి. నెల దాటితే వాళ్లను మళ్లీ క్లాసులోకి తేవడం చాలా కష్టం.

– జవాబు ఏ భాషలోనైనా రాయొచ్చని తొలిరోజే చెప్పండి. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. పాఠం అర్థంకాక కాదు, తప్పు మాట్లాడతామన్న టెన్షన్‌తో నోరు విప్పరు. నాకు వీళ్ల గురించే ఎక్కువ బెంగ.

– రికార్డు చేసే వీడియో 6 నిమిషాల్లోపు ఉంచండి. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సులపై 2014లో వచ్చిన పరిశోధనలో, అంతకు మించిన వీడియోలను విద్యార్థులు మధ్యలోనే వదిలేస్తున్నట్టు తేలింది.

– నోట్సు, ఆడియో ముందురోజే వాట్సాప్‌లో పెట్టండి. కొండ ఊళ్లలో సిగ్నల్ నమ్మలేం.

– కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లోని కోర్సయితే పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకున్నారా అని ఒక్కొక్కరినీ అడగండి. కోర్సులో చేరినంత మాత్రాన సర్టిఫికెట్ రాదు.