అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికలు: ముందే చూసుకోవాల్సినవి

గొడవ బయటపడేది లెక్కింపు రోజున, మొదలయ్యేది మాత్రం ఓటర్ల జాబితాలో. అందుకని పోలింగ్‌కు మూడు వారాల ముందే జాబితా నోటీసు బోర్డులో పెట్టి, అభ్యంతరాలకు వారం గడువివ్వండి. ఫ్లాట్ నంబరు, దస్తావేజులో ఉన్న యజమాని పేరు, ఓటు వేసేదెవరు అన్నవి ఉండాలి. ఫ్లాట్ భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటే ఎవరు వేస్తారో ముందే రాయించుకోండి. బకాయిదారులకు ఓటు లేదని బైలాలో (అసోసియేషన్ నియమావళిలో) ఉంటే, కట్టాల్సిన ఆఖరి తేదీ కూడా ఆ నోటీసులోనే రావాలి. పోలింగ్ రోజు పొద్దున బకాయిల పుస్తకం తీస్తే అవతలి ప్యానెల్‌ను ఆపడానికే అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు.

ప్రాక్సీలకు, అంటే రాలేని సభ్యుడి తరఫున ఇంకొకరు ఓటు వేయడానికి, బైలా ఒప్పుకుంటే, ఒకరి చేతిలో రెండుకు మించకూడదని జనరల్ బాడీలో ముందే తీర్మానం చేయండి. ప్రాక్సీ లేఖలు పోలింగ్‌కు 48 గంటల ముందు అందాలి.

వాట్సాప్ పోల్ పెట్టొద్దు. ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా కనబడుతుంది. పిక్నిక్ తేదీకైతే సరే.

ఎన్నికల అధికారి పోటీదారుకు బంధువు కాకూడదు. 120 ఫ్లాట్లకు 130 బ్యాలెట్లు చాలు. వరుస సంఖ్య కౌంటర్‌ఫాయిల్ (బ్యాలెట్ చించాక పుస్తకంలో మిగిలే ముక్క) మీదే ఉండాలి. బ్యాలెట్ మీద కూడా వేస్తే, రిజిస్టర్‌తో పోల్చి ఎవరి ఓటో పట్టేస్తారు. బ్యాలెట్ వెనక అధికారి సంతకం చాలు. టిక్కుకు పెన్ను ఇస్తే కొందరు తమ ఓటు ఏదో తెలిసేలా గుర్తులు పెడతారు. అందరికీ ఒకే రబ్బరు ముద్ర ఇవ్వండి. పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టి కాగితాన్ని ముందు నిలువుగా మడవమనండి. అడ్డంగా మడిస్తే తడి సిరా ఇంకో పేరు మీద అంటి రెండు ముద్రలవుతాయి. పంచాయతీ ఎన్నికల్లో వాడే స్వస్తిక్ ముద్రతో ఒక లాభం, అంటుకున్నది తిరగబడి కనబడుతుంది, అసలుదేదో తెలిసిపోతుంది.

ఏడు స్థానాలుంటే ఏడుకు మించి ముద్రలున్న ఓటు చెల్లదు, తక్కువున్నది చెల్లుతుంది. సమానంగా వస్తే చీటీ తీస్తామని నామినేషన్లకు ముందే ప్రకటించండి.

పెట్టె తెరిచాక పేర్లు చూడకముందే కాగితాలు లెక్కపెట్టండి. పెట్టెలోవి, మిగిలినవి, పాడై తిరిగిచ్చినవి కలిపితే ముద్రించినన్ని రావాలి. రాకపోతే తేడాను రాసి, అభ్యర్థుల ఏజెంట్ల సంతకాలు తీసుకున్నాకే ముందుకెళ్లండి.

ఫలితం వచ్చాక బ్యాలెట్లను సీలు వేసి భద్రపరచండి. తెలుగు రాష్ట్రాల్లోని సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 సెక్షన్ 23 కింద సభ్యులు జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు, అప్పుడు అవే ఆధారం. కొత్త కమిటీ జాబితా సొసైటీల రిజిస్ట్రార్‌కు, తీర్మానం కాపీ బ్యాంకుకు వెంటనే పంపండి. అది అందేదాకా చెక్కుల మీద పాత సంతకాలే చెల్లుతుంటాయి.