బొమ్మ గీయడం నేర్చుకుందాం – 6: అలసి నిలబడిన మనుషులు

పోయిన పాఠంలో కూర్చున్న మనిషిని గీశాం. ఈసారి చాలాసేపటిగా నిలబడి ఉన్నవాళ్లను, అదీ గుంపుగా, గీద్దాం. ఇందుకు నేను ఎంచుకున్న గురువు రుమేనియా చిత్రకారుడు నికొలాయె టొనిత్స (1886–1940).

మ్యూనిక్‌లో, పారిస్‌లో మెలకువలు నేర్చిన టొనిత్స మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలోకి వెళ్లాడు. 1916 సెప్టెంబరులో డాన్యూబ్ ఒడ్డున తుర్తుకాయ దగ్గర రుమేనియా సేన ఘోరంగా ఓడిపోయింది. వేలాది సైనికులతో పాటు అతనూ బందీ అయ్యాడు. దక్షిణ బల్గేరియాలోని కర్జలి శిబిరంలో గడిపిన ఆ రోజులు అతని బొమ్మల్లోకి వచ్చాయి. తర్వాత పెద్దపెద్ద నల్లని కళ్ల పిల్లల చిత్రాలతో అతనికి పేరు వచ్చింది. అవి అందరికీ ఇష్టమే. బందీల బొమ్మలు వెతికి చూసేవాళ్లు తక్కువ. గీయడం నేర్చుకునేవాళ్లు ముందు చూడవలసినవి అవేనని నా నమ్మకం.

ఇక పెన్సిల్ పట్టండి. ముఖం జోలికి ఇప్పుడే పోవద్దు. అలసట మొదట కనిపించేది నడుములో, భుజాల్లో. అలసిన మనిషి రెండు కాళ్లపై సమానంగా నిలబడడు, బరువంతా ఒక కాలిమీద వేస్తాడు. అప్పుడు ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. ముందుగా ఈ రెండు వాలు గీతలు తేలిగ్గా పెట్టుకోండి. మెడ గుంట నుంచి నిట్టనిలువుగా ఒక గీత దించండి. అది బరువు మోసే పాదం దగ్గర పడాలి. పక్కకు పోయిందంటే మీ మనిషి పడిపోతున్నట్టు ఉంటాడు. చలిలో ఉన్నవాడైతే భుజాలు చెవులవైపు ముడుచుకుంటాయి, చేతులు చంకల్లోకో కోటు చేతుల్లోకో దూరతాయి.

కోటు మడతలన్నీ గీయాలనిపిస్తుంది. భుజం, మోచేయి దగ్గర బట్ట లాగినచోట రెండు మూడు గీతలు చాలు.

గుంపును పదిమందిగా లెక్కపెట్టి గీస్తే పది బొమ్మలే మిగులుతాయి. కళ్లు సగం మూసి చూడండి. ఒకరినొకరు ఆనుకున్న ఒళ్లన్నీ కలిసి ఒకే ముదురు ముద్దగా కనిపిస్తాయి. ముందు ఆ ముద్ద అంచు గీయండి, తలలు ఎత్తుపల్లాలుగా రావాలి. లోపలంతా ఒకే మధ్యస్థమైన నీడ నింపండి. ముందువరుసలో ఒకరిద్దరికి మాత్రం ముదురు నీడ వేసి విడదీయండి. కాగితం తెలుపును తలల వెనక ఆకాశంగా వదిలేయండి.

అభ్యాసానికి ఆసుపత్రిలో ఓపీ చీటీల వరుస, రాత్రివేళ బస్టాండు మంచి చోట్లు. దూరంగా నిలబడి, వెనకనుంచే గీయండి. కష్టంలో ఉన్న మనిషి ముఖాన్ని అడగకుండా తీసుకోకూడదు. ఒక్కో బొమ్మకు రెండు నిమిషాలకు మించి ఇవ్వకండి, రబ్బరు ఇంట్లోనే వదిలి వెళ్లండి.

వచ్చే పాఠంలో ఇదే గుంపును కుంచెతో వేద్దాం. నల్ల సిరా, సన్న కుంచె ఒకటి, కాస్త మందమైన కాగితం సిద్ధంగా ఉంచుకోండి.