డస్ట్ కలెక్టర్ మీ నెత్తిన పెట్టారా? బ్యాగులు చివర్లో చూడండి

బెంగళూరు పీణ్యలో మా షెడ్డుకి మెయింటెనెన్స్‌లో కొత్తగా ఎవరొచ్చినా ముందు వాళ్లకి అంటగట్టేది డస్ట్ కలెక్టరే, అంటే దుమ్ము గాలిని లాగి గుడ్డ బ్యాగులతో వడకట్టే మెషిన్. హిందూపురం, మదనపల్లె నుంచి వచ్చే తమ్ముళ్లు వారం తిరక్కుండానే "అన్నా, లాగడం లేదు, బ్యాగులు మార్చేద్దామా?" అంటారు. మార్చొద్దు, ఆగండి. దుమ్ము పోయే దారినే మీరూ నడిచి వెళ్తే ఏ భాగం పనేంటో తెలిసిపోతుంది. నేను చెప్పేది పల్స్ జెట్ బ్యాగ్ ఫిల్టర్ గురించి, అంటే గాలి దెబ్బతో బ్యాగుల్ని దులిపే రకం, గ్రైండింగ్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది అదే.

మొదటిది హుడ్, అంటే దుమ్ము పుట్టే చోట పెట్టే మూతి. దూరం రెట్టింపయితే లాగే గాలి వేగం దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది, కాబట్టి గ్రైండర్ పట్టుకున్నవాడు చేతికి అడ్డొస్తోందని దాన్ని జానెడు వెనక్కి తోశాడంటే వెనకాల ఎంత పెద్ద బ్లోయర్ (గాలి లాగే ఫ్యాన్) ఉన్నా దండగే. సగం కంప్లయింట్లు ఇక్కడే తేలిపోతాయి.

తర్వాత డక్ట్, అంటే దుమ్ము గాలి వెళ్లే గొట్టం. లోహపు దుమ్ముకి గాలి సెకనుకి సుమారు 18 నుంచి 20 మీటర్లు పరుగెత్తాలి, తగ్గితే దుమ్ము అడుగున పేరుకుంటుంది. స్పానర్‌తో తట్టి చూడండి. ఖాళీగా ఉంటే ఖంగుమంటుంది, నిండితే మొద్దుగా మోగుతుంది.

ఇక పెద్ద పెట్టె. లోపలికి రాగానే గాలికి అడ్డంగా పెట్టిన బాఫిల్ ప్లేటుకి కొట్టుకుని బరువైన దుమ్ము కిందికి రాలుతుంది, సన్నది బ్యాగు బయటివైపు పట్టుకుంటుంది, శుభ్రమైన గాలి బ్యాగు లోపలి నుంచి పైకి పోతుంది. బ్యాగు నలిగిపోకుండా లోపల వైరు కేజ్ ఉంటుంది. బ్యాగులన్నీ వేలాడేది ట్యూబ్ షీట్‌కి, అంటే పైనున్న రంధ్రాల రేకుకి. మెషిన్ ఆపి పై తలుపు తీసినప్పుడు ఆ షీటు మీద దుమ్ము కనిపిస్తే ఏదో బ్యాగు చిరిగిందనో, సరిగ్గా కూర్చోలేదనో అర్థం.

అసలు కథ దులిపే దగ్గరుంది. కంప్రెసర్ గాలి నిలవుండే హెడర్ గొట్టంలో సాధారణంగా 5-6 బార్ల ఒత్తిడి ఉంటుంది. టైమర్ కార్డు ఒక్కో సోలనాయిడ్‌ని (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు) తెరిస్తే డయాఫ్రమ్ (వాల్వులోని రబ్బరు పొర) లేచి, సెకనులో పదో వంతు పాటు బ్యాగులోకి గాలి కొడుతుంది. పక్కన నిలబడి లెక్కపెట్టండి: ఠప్, ఠప్, ఠప్... ఆరు వాల్వులుంటే ఆరు సార్లు వినపడాలి. ఐదే వినపడితే ఒక వరసకి స్నానం లేనట్టే. ఆగకుండా బుస్సుమంటుంటే డయాఫ్రమ్ చిరిగి ఉంటుంది. మేమొకసారి బ్యాగుల సెట్టు మొత్తం మార్చాం, పది రోజులకే మళ్లీ జామ్. చివరికి హెడర్ కింద డ్రెయిన్ విప్పితే తుప్పు నీళ్లు బకెట్ నిండా వచ్చాయి, ఆ తడికే దుమ్ము బ్యాగుల మీద బురదలా అంటుకుపోయింది. ఆ డ్రెయిన్ తిప్పాల్సింది నేనే, ఎవర్నీ అనలేను.

డీపీ మీటరు బీపీ మీటరు లాంటిదే, బ్యాగులకి అటూ ఇటూ ఉన్న గాలి ఒత్తిడి తేడా చూపిస్తుంది. చాలా మెషిన్లలో 100-150 మిల్లీమీటర్ల నీటి మట్టం దగ్గర నడుస్తుంది, మీ మెషిన్‌కి ఎంతో మాన్యువల్లో చూసుకోండి. పెరిగితే టెన్షన్ పడతారు గానీ బాగా పడిపోయినా అనుమానించాల్సిందే, బ్యాగు చిరిగి ఉండొచ్చు, లేదా మీటరు ట్యూబులోనే దుమ్ము ఇరుక్కుని ఉండొచ్చు. ఊరికే దులుపుతూ ఉండటమూ తప్పే, బ్యాగు మీద పల్చగా పట్టిన దుమ్ము పొరే సన్నటి దుమ్ముని ఆపుతుంది.

హాపర్, అంటే దుమ్ము రాలే అడుగు గరాటు, గోదాం కాదు, దుమ్ముని నిలవ ఉంచొద్దు. దాని కింద రోటరీ ఎయిర్‌లాక్ (గాలి దూరనివ్వకుండా దుమ్ముని దింపే తిరిగే వాల్వు) లీకైతే బయటి గాలి లోపలికి దూరి, రాలిన దుమ్ముని మళ్లీ పైకి లేపుతుంది. కాగితం ముక్క జాయింటు దగ్గర పెడితే అటు లాక్కుంటుంది, లీకు దొరికినట్టే. కరెంటు తీసి తాళం వేయకుండా చెయ్యి మాత్రం పెట్టొద్దు.

బ్లోయర్ చివర్లో, శుభ్రమైన గాలి వైపు ఉంటుంది. మోటారు వైండింగ్‌కి వెళ్లొచ్చాక ఫేజులు తారుమారై ఉల్టా తిరుగుతున్నా గాలి అటే పోతుంది, కాకపోతే బాగా తక్కువ, అందుకే చాలామంది కనిపెట్టలేరు. కేసింగ్ మీద బాణం చూడండి.

అల్యూమినియం, చెక్క, పిండి దుమ్మయితే పేలుడు వెంట్ (పేలితే ఒత్తిడి బయటికి పోయే తలుపు), ఎర్తింగ్ తప్పనిసరి. ఆ వెంట్ ఎదురుగా టీ బల్ల వేసుకోకండి, వేసినవాళ్లని చూశాను.

ఇవన్నీ బాగుంటే అప్పుడు బ్యాగులు. మామూలు పాలిస్టర్ సుమారు 130 డిగ్రీల దాకానే ఆగుతుంది, వేడి, ఆవిరి ఉన్న లైనుకి వేరే బట్ట అడగాలి. చిరిగింది ఒక్కటే అయితే ఆ రంధ్రానికి మూత బిగించి ఆ షిఫ్టు నడిపేయొచ్చు.