మాక్‌లో 68, పరీక్షలో 39: తేడా ఎక్కడ కొడుతోంది?

తణుకులో మా ఆఫీసు మేడ మీద ఒక గది ఉంది. ఆదివారాలు అందులో సీఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెన్సీ రెండో మెట్టు) పిల్లలు కూర్చుంటారు. పాలకొల్లు, పెనుగొండ, అత్తిలి నుంచి బస్సెక్కి వస్తారు. రిజల్ట్ వచ్చిన మర్నాడు మెట్లెక్కి వచ్చే ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "సార్, ఈసారి ఏ బుక్ చదవమంటారు?"

నేను అడిగేదీ ఒకటే. "రాసిన మాక్ పేపర్లు తెచ్చావా?"

చాలామంది దగ్గర ఉండవు. "మనసులో చేసుకున్నా సార్" అంటారు. "ఫోన్‌లో పీడీఎఫ్ చూసుకున్నా", "తెలిసినవి వదిలేసి మిగతావి చేశా" అంటారు. మోటారు నీళ్లు ఎత్తకపోతే ముందు కరెంటు ఉందా అని చూస్తాం గానీ, ఎకాఎకిన మోటారు విప్పదీయం కదా. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ ముందు మోటారే విప్పుతారు: కొత్త బుక్కు, కొత్త సారు, కొత్త టైమ్‌టేబుల్.

కాబట్టి కింద ఏది చదివే ముందైనా ఒక్కటి చూసుకోండి. పుస్తకం మూసి, పెన్నుతో, మూడు గంటలూ కదలకుండా రాసిన పూర్తి పేపర్లు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? సబ్జెక్టుకి రెండు కూడా లేకపోతే మీ రోగం అదే, మందూ అదే. సీఏ ఇనిస్టిట్యూట్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్లు ఎంటీపీలు (మాక్ టెస్ట్ పేపర్లు), ఆర్టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), పాత ప్రశ్నపత్రాలు, వాటికి సజెస్టెడ్ ఆన్సర్లు (నమూనా జవాబులు) ఉచితంగానే ఇస్తున్నారు. రాసి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

సమస్య: అన్ని పేపర్లూ పాసే, గ్రూప్ మాత్రం ఫెయిల్

ఇది లెక్క తెలియక వచ్చేది. గ్రూప్ అంటే మూడు పేపర్లు, 300 మార్కులు. పేపరుకి 40 వస్తే చాలదు, గ్రూప్ మొత్తం మీద సగం రావాలి. 48, 46, 44 తెచ్చుకుని "మూడూ దాటాను కదా" అని ఏడ్చిన పిల్లలు ఉన్నారు. కూడితే 138. కావలసింది 150.

మూడు పేపర్లనీ సమానంగా 50కి తోయాలని చూడకండి. మీకు చెయ్యి తిరిగిన ఒక పేపరుని 60 దాటించండి. మిగతా రెండిటి లోటు అది పూడుస్తుంది. గ్రూప్ పోయినా ఆ పేపరుకి ఎగ్జెంప్షన్ (మళ్లీ రాయక్కర్లేని వెసులుబాటు) మిగులుతుంది. అయితే ఆ గ్రూప్‌లో అన్ని పేపర్లూ రాసి ఉండాలి. లా పాడైందని టాక్స్ పేపరుకి హాలుకే వెళ్లకుండా, అకౌంట్స్‌లో వచ్చిన 63ని చేజేతులా పారేసుకున్నవాడు మా గదిలోనే ఒకడున్నాడు. ఎంత పాడైనా వెళ్లి కూర్చోండి.

సమస్య: పేపర్ పూర్తవడం లేదు

100 మార్కులకి 180 నిమిషాలు. మార్కుకి 1.8 నిమిషం పడుతుంది. 14 మార్కుల ప్రశ్నకి 25 నిమిషాలు, 30 మార్కుల ఎంసీక్యూలకి 54. ఈ లెక్క ఎవరినడిగినా చెబుతారు. చేతికి మాత్రం తెలియదు, ఎందుకంటే ఇంట్లో ఒక్కో లెక్క 40 నిమిషాలు "ప్రశాంతంగా" చేసి ఉంటారు. ప్రశ్న పక్కన మొదలుపెట్టిన టైమ్, ఆపిన టైమ్ రాయండి. 25 నిమిషాలు కాగానే సగంలో ఉన్నా గీత గీసి తర్వాతి ప్రశ్నకి వెళ్లండి. మొదటి రెండు వారాలు ప్రాణం పోతుంది, తర్వాత అలవాటవుతుంది.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు. పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5, దానికి ముందు పావుగంట ప్రశ్నపత్రం చదువుకోడానికి. మన పిల్లలు మాక్ రాసేది తెల్లవారుజామున 5 గంటలకి. మే నెలలో, ఉక్కపోతలో, పప్పూ పెరుగన్నం తిన్న గంటకి బుర్ర ఎలా పనిచేస్తుందో వాళ్లకి తెలిసేది పరీక్ష రోజునే. మాక్ కూడా 2 గంటలకే రాయండి. ఆ పూట ఏం తినాలో అప్పుడే తేలిపోతుంది.

సమస్య: పేపర్లన్నీ రాశాను, మాక్‌లో 68 వచ్చింది, పరీక్షలో 39

అసలు కథ ఇక్కడుంది. ఇది కష్టపడేవాళ్లకి వచ్చే జబ్బు, అందుకే పట్టుకోవడం కష్టం. పేపర్లు ఉంటాయి, టైమ్ రాసి ఉంటుంది, ఎర్ర పెన్నుతో దిద్దినట్టూ ఉంటుంది. చూస్తే ఏ లోపమూ కనపడదు. నేనూ దీని చేతిలో ఒక అటెంప్ట్ పోగొట్టుకున్నాను.

కారణం చెప్పేస్తాను. ఆ మాక్‌లో ప్రశ్నల్ని మీరు సాధించలేదు, గుర్తుపట్టారు.

సంతలో దూరపు చుట్టం కనపడితే "ఈయన మనవాడే" అని టక్కున తెలుస్తుంది. పేరు చెప్పమంటే నోరు రాదు. ముఖం గుర్తుపట్టడం వేరు, పేరు తవ్వి తీయడం వేరు. మాక్ పేపరులో ఉన్న ప్రశ్న సారు క్లాసులో చేసిందే, లేదా నోట్స్‌లో ఉన్నదే, లేదా ఆర్టీపీలో మీరు రెండుసార్లు చదివిందే అయితే, మొదటి రెండు లైన్లు చదవగానే ముఖం తెలిసిపోతుంది. ఆ పైన చెయ్యి దానంతటదే నడుస్తుంది. 68 వస్తుంది. ఆ 68 మీ జ్ఞాపకానికి వచ్చింది, మీ కాస్టింగ్‌కి (తయారీ ఖర్చుల లెక్కల పేపరుకి) కాదు.

దీనికి తమ్ముడు లాంటిది ఇంకోటుంది: చాప్టర్ పేరు. చాప్టర్ వారీగా ప్రాక్టీస్ చేసేటప్పుడు పేజీ పైనే సగం జవాబు అచ్చువేసి ఉంటుంది. నాకు దెబ్బ కొట్టింది అదే. అంకెలు మార్చి చెబుతాను. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు యూనిట్ ఒకటి అనుకోండి. తాళ్ల కట్టకి కాంట్రిబ్యూషన్ (ధరలోంచి ఆ సరుకుతో పాటు పెరిగే ఖర్చు తీసేస్తే మిగిలేది) 60 రూపాయలు, మెషిన్ మీద 3 గంటలు పడుతుంది. డోర్‌మ్యాట్‌కి 45 రూపాయలు, గంటన్నర పడుతుంది. పైన "కీ ఫ్యాక్టర్" (చాలినంత దొరకని వనరు, ఇక్కడ మెషిన్ గంటలు) అని హెడింగ్ ఉంటే ఆలోచించక్కర్లేదు, గంటతో భాగిస్తాం. తాళ్లకి గంటకి 20, మ్యాట్‌కి 30. ముందు మ్యాట్లే చేయాలి. ఇంట్లో ఇలాంటివి డజన్ల కొద్దీ చేశాను, ఒక్కటీ తప్పలేదు.

పరీక్షలో ఆ హెడింగ్ లేదు. పేజీ నిండా ఆర్డర్లు, ధరలు, ఓవర్‌హెడ్లు. నడుమ ఎక్కడో, వచ్చే నెల ఒక మెషిన్ రిపేరుకి వెళ్తుందని, అంటే మెషిన్ గంటలు చాలవని చెప్పే ఒక్క వాక్యం. నేను దాన్ని కథలో భాగం అనుకుని చదువుతూ పోయాను. 45 కన్నా 60 ఎక్కువ కదా అని తాళ్లకి మొదటి ర్యాంకు ఇచ్చేశాను. అలాంటివే ఇంకో రెండు. కాస్టింగ్‌లో 37 వచ్చింది. వాల్యుయేషన్ తప్పని ఊరంతా చెప్పుకు తిరిగాను కూడా. ఆర్నెల్ల తర్వాత అదే పేపర్ తీసి చూస్తే గానీ తెలియలేదు, రాని లెక్క ఒక్కటీ లేదని. ఏ లెక్కో పోల్చుకోవడమే రాలేదు.

ఇది మీకుందో లేదో ఒక్క పూటలో తేలుతుంది. బాగా మార్కులొచ్చిన పాత మాక్ నుంచి ఐదు ప్రశ్నలు తీసి, స్నేహితుడి చేత ఒక్కోదాంట్లో ఒక్కో సంగతి మార్పించండి. అంకె మారిస్తే చాలదు, విషయం మారాలి. పై లెక్కలో మెషిన్ గంటలు కావలసినన్ని ఉన్నాయని రాస్తే చాలు, ర్యాంకుల గొడవే ఉండదు, రెండూ డిమాండ్ ఉన్నంతవరకూ చేసుకోవచ్చు. గుర్తుపట్టి చేసేవాడు అప్పుడు కూడా గంటతో భాగిస్తాడు. ఐదింటిలో మూడు అలా తప్పితే జబ్బు ఉన్నట్టే.

ఇక మందు. మూడు పనులు, మూడూ విసుగు పుట్టించేవే.

మొదటిది చీటీల డబ్బా. మా గదిలో ఖాళీ ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటుంది. ప్రశ్నల ప్రింటు తీసి, చాప్టర్ పేరు కత్తిరించేసి, అన్ని చాప్టర్లూ కలిపి అందులో పడేస్తాం. రోజుకి పది చీటీలు, పావుగంట. లెక్క చేయొద్దు. ఇది ఏ చాప్టర్, ఏ స్టాండర్డ్ లేదా ఏ సెక్షన్, మొదటి స్టెప్ ఏంటి, ఏ వాక్యం చూసి అలా అనుకున్నావు అన్న నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఆఖరిదే ముఖ్యం. మొదటి వారం చాలామందికి పదిలో నాలుగు కూడా తగలవు. రోజుకి పన్నెండు గంటలు చదివే పిల్లలు కూడా తెల్లమొహం వేస్తారు.

రెండోది, పేపర్లని దాచుకోవడం. మీ అటెంప్ట్ కోసం వచ్చిన ఎంటీపీ సిరీస్ 1, సిరీస్ 2, దానికి ముందు అటెంప్ట్‌లో వచ్చిన అసలు పేపరు. ఈ మూడూ మాక్ రోజు దాకా తెరవకండి. ఎవరైనా వాట్సాప్ గ్రూపులో "ఈ క్వశ్చన్ చూశారా" అని పెడితే చూడకండి. విత్తనాల బస్తా విప్పి వండుకు తినేస్తే నాట్లకి ఏం మిగులుతుంది? 2024 మే నుంచి కొత్త స్కీమ్ కదా, తాజా పేపర్లు అసలే తక్కువ. చాలకపోతే అంతకుముందు పేపర్లలో కాస్టింగ్, ఎఫ్ఎం (ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్) లెక్కలు ఇప్పటికీ పనికొస్తాయి. టాక్స్, లా మాత్రం పాత సజెస్టెడ్ ఆన్సర్ చూసి దిద్దుకోకండి, చట్టం మారి ఉంటుంది.

మూడోది, తప్పిన ప్రశ్నని వెంటనే తిరిగి చేయకపోవడం. జవాబు చూశాక పది నిమిషాలకే అదే లెక్క చేసి "వచ్చేసింది" అనుకుంటారు. వచ్చింది కాదు, ఇంకా పోలేదు, అంతే. మూడు రోజులాగి ఒకసారి, పది రోజులాగి ఇంకోసారి తెల్లకాగితం మీద చేయండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కాలేజీ పిల్లలతో ఇదే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు రెండోసారి చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే తిరగబడింది: రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది, చదివినవాళ్లకి 42. మన పిల్లలందరూ ఆ ఐదు నిమిషాల మార్కు చూసుకునే మురిసిపోతారు.

భీమవరం వైపు రొయ్యల రైతుకి ఇది చెప్పక్కర్లేదు. మేత చల్లేసి "తినేసి ఉంటాయిలే" అని ఇంటికి పోడు. చెక్ ట్రేలో కాస్త మేత వేసి దించుతాడు, కొంతసేపయ్యాక పైకి లాగి చూస్తాడు. మిగిలిందా, తర్వాతి పూట తగ్గిస్తాడు. దించిన వెంటనే లాగి చూస్తే ఏం తెలుస్తుంది?

ఒక హెచ్చరిక. ఈ మూడూ మొదలుపెట్టగానే మాక్ మార్కులు పడిపోతాయి. 68 వచ్చినవాడికి 44 వస్తుంది. ఇంట్లో వాళ్లు కంగారుపడి కోచింగ్ సెంటర్ మార్చమంటారు. మార్చకండి. ఆ 44 నిజం మార్కు. దాని మీద కడితే నిలబడుతుంది.

సమస్య: దిద్దింది నేనే, మార్కులు బాగానే వచ్చాయి

ఆడిట్, లా పేపర్లని ఎవరిది వాళ్లు దిద్దుకోకూడదు. "ఈ పాయింట్ నాకు తెలుసు, రాయడం మర్చిపోయా" అని మార్కు వేసేసుకుంటారు. ఎదురుగా సజెస్టెడ్ ఆన్సర్ పెట్టుకుని పక్కవాడు దిద్దాలి, కాగితం మీద లేనిదానికి సున్నా. అమలాపురంలో ఒకరు, మీ ఊళ్లో మీరు ఉంటే ఫొటోలు తీసి పంపుకోండి. స్నేహం కాస్త చెడినా ఫర్వాలేదు.

సమస్య: ఎంసీక్యూలు పోతున్నాయి

ఇంటర్‌లో నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీ వదలొద్దు. ఫౌండేషన్‌లో (ఇంటర్‌కి ముందు మెట్టు) మూడో, నాలుగో పేపర్లకి తప్పుకి పావు మార్కు పోతుంది, అక్కడ ఆచితూచి. అక్కడి భయంతో ఇంటర్‌లోనూ ఖాళీలు వదిలే అలవాటు ఉంటే సరిచేసుకోండి.

సమస్య: జనవరి అటెంప్ట్ మాత్రమే పోతోంది

మన వైపు ఇది ప్రత్యేక జబ్బు. 2025 జనవరిలో ఇంటర్ గ్రూప్ 1 పేపర్లు 11, 13, 15 తేదీల్లో పడ్డాయి. అంటే లా పేపరు భోగి నాడు, టాక్స్ కనుమ నాడు. ఇల్లంతా చుట్టాలు, ఊరంతా కోడిపందేల బరులు. పండగ పది రోజులూ హాలు ఉన్న ఊళ్లోనే గది తీసుకోండి. అరిసెలు పార్శిల్ వస్తాయి.

అరుదైనవి

చేతిరాత బాగోక పోయిందంటారు. చదవగలిగేలా ఉంటే చాలు. వాస్తు, కూర్చున్న దిక్కు, సెంటర్ అచ్చిరాకపోవడం గురించి నన్ను అడగకండి. వాల్యుయేషన్‌లో పొరపాటు జరగదని అనను. కానీ వెరిఫికేషన్ పెడితే మళ్లీ దిద్దరు, దిద్దకుండా వదిలేసిన జవాబు ఉందా, మొత్తం సరిగా కూడారా అనే చూస్తారు. 38, 39 వచ్చి నిజంగా అనుమానం ఉంటే మీ జవాబుపత్రం సర్టిఫైడ్ కాపీ తెప్పించుకోండి. అది వచ్చాక మేడ మీదకి తీసుకురండి, మీ మాక్ పేపర్ల పక్కన పెట్టి చూద్దాం. మాక్ పేపర్లు కూడా తేవాలి మరి.